ఒకే ఫ్లాస్కు, రెండు గొంతులు

పాత గాయకులు ఒక్కొక్కరే చనిపోవడం మొదలయ్యాక మా ఆర్కెస్ట్రాకు మళ్ళీ మంచి రోజులొచ్చాయి. ఇది నోటితో చెప్పుకోవలసిన మాట కాదని నాకూ తెలుసు. కానీ టీవీ పోటీల్లో మైకు పట్టుకుని "పాటే నా ప్రాణం" అంటూ కళ్ళు తుడుచుకునే పిల్లలు మీరు. ఈ వృత్తిలో ఎవరి ప్రాణం పోతే ఎవరి పాట బతుకుతుందో మీకు ఎవరో ఒకరు చెప్పాలి. మీ జడ్జిలు చెప్పేటట్టు లేరు కాబట్టి నేను చెబుతున్నాను.

నాది కోవిల్పట్టి. పుట్టింది ఏళాయిరంపన్నై పక్కన ఒక నల్లరేగడి పల్లెలో. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, స్టేజీ ఎక్కితే పూర్తిగా తమిళం. ఈ తెలుగు అక్షరాలు నేను పాడటం మానేశాక కూర్చుని నేర్చుకున్నవి. అందుకని రాత పుస్తకాల భాషలో ఉంటుంది. మాటలు మాత్రం మా ఇళ్ళల్లో ఎలా వినపడతాయో అలాగే రాశాను. ఆంధ్ర నుంచి వచ్చే చుట్టాలు మా మాట విని "మీరు ఏ కాలం వాళ్ళండీ?" అని నవ్వుతారు. అరవైల కాలం వాళ్ళమే. ఆ కాలం పాటలే పాడి బతికాం.

పెళ్ళి రిసెప్షన్లు, గుడి తిరునాళ్ళు, పిల్లలకు చెవులు కుట్టే వేడుకలు, ఒకసారి ఒక రైసుమిల్లు ప్రారంభోత్సవం. కయత్తారు పక్క పల్లెల్లో గాలి జోరుకు మైకులో పాట కంటే హోరే ఎక్కువ వినిపించేది. జనం రెండింటికీ సమానంగా చప్పట్లు కొట్టేవారు. ఆడగొంతులన్నీ నావే. సినిమాల్లో నలుగురైదుగురు పంచుకున్న పాటలన్నీ ఇక్కడ ఒక్కదాన్నే పాడేదాన్ని. మగగొంతు సంగతి అలా కాదు. అక్కడ ఒకే గొంతు. దాన్ని మోసుకు తిరగడానికి మాకు ఒక మనిషి ఉండేవాడు.

ఆ గొంతు అసలు సొంతదారు మద్రాసులో ఉండే మహాగాయకులు. పేరు చెప్పను. చెబితే అభిమాన సంఘాలవాళ్ళు రెండు వర్గాలుగా వస్తారు, ఇద్దరికీ కాఫీ పెట్టే ఓపిక నాకు లేదు. పెద్దాయన అందాం. మోసుకు తిరిగినవాణ్ణి మా పాటగాడు అందాం. పగలు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో తూకం గుమాస్తా, సాయంత్రం పెద్దాయన. నాకంటే కొన్నేళ్ళు పెద్ద, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం, నేను అన్నా అని పిలిచేదాన్ని. గొంతు ఎంత దగ్గరగా ఉండేదంటే, పెద్దాయనకు జలుబు చేసినప్పుడు రికార్డయిన పాట ఒకటుంది, దాన్ని మా పాటగాడు జలుబుతో సహా పాడేవాడు.

ఆర్కెస్ట్రా పెట్టిన కొత్తలో మేం ఒకసారి మద్రాసు వెళ్ళాం. మా లీడరు తన అకార్డియన్ బాగు చేయించుకోవాలన్నాడు. మా పాటగాడికి పెద్దాయనను కళ్ళారా చూడాలని. నాకు ఊరు చూడాలని. పెళ్ళికాని పిల్లను ఇద్దరు మగవాళ్ళతో పంపే ఊరు కాదు కాబట్టి మా అమ్మ కూడా వచ్చింది. లీడరు అకార్డియన్ ఎత్తుకుని అంగడికి పోయాడు. మేం ముగ్గురం రికార్డింగ్ థియేటరు గేటు దగ్గర నిలబడ్డాం. ఎండ ముదిరేసరికి మా అమ్మ ఎదురుగోడ నీడలో కునుకు తీసింది. అంటే ఆ రోజు జరిగిన దానికి సాక్షిని నేనొక్కదాన్నే.

జరిగింది ఇది. పెద్దాయన బయటికి వచ్చారు. మా పాటగాడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, చేతులు జోడించి, సరిగ్గా ఆయన కారు పక్కన నిలబడి ఉన్నాడు. పెద్దాయన తన చేతిలోని ఫ్లాస్కు ఆ జోడించిన చేతుల్లో పెట్టి, "ముందు సీట్లో పెట్టు" అని, వెనక్కి తిరిగి ఎవరితోనో మాట్లాడుతూ ఉండిపోయారు. మా పాటగాడు కారు తలుపు తీసి, వంగి, పెట్టాడు. పెద్దాయన వచ్చి ఎక్కారు. కారు పోయింది. డ్రైవరు అనుకున్నారో, డ్రైవరు మనిషి అనుకున్నారో. అంతే.

తిరుగు రైల్లో లీడరు అడిగాడు, ఏమైంది అని. "బుజం మీద చెయ్యి వేసిరి," అన్నాడు మా పాటగాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. రైలు కోవిల్పట్టి చేరేసరికి ఆ చెయ్యి రెండు చేతులైంది. ఆ ఏడాది తిరునాళ్ళకు కౌగిలింత అయింది. ఇంకో ఏడాదికి పెద్దాయన నోరు కూడా తెరిచి, "నా తర్వాత నువ్వే" అన్నారు. మా లీడరు ప్రతి కచేరిలోనూ మొదటి పాటకు ముందు ఈ కథ చెప్పేవాడు. దానికి పడే చప్పట్లు నా పాటలకు ఎన్నడూ పడలేదు.

నేను నోరు విప్పలేదు. మొదట్లో జాలి. తర్వాత అలవాటు. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, కౌగిలింత లేకపోతే మాకు కచేరీలు లేవు.

పెద్దాయన పోయిన రోజు పొద్దున టీవీలో వార్త చూసి నేను ఆటో ఎక్కి మా పాటగాడి ఇంటికి వెళ్ళాను. వీధి మొదట్లోనే ఆటో ఆగిపోయింది. అంత జనం. మద్రాసు పోలేనివాళ్ళు, పోవాలని లేనివాళ్ళు, పోయినా లోపలికి రానివ్వరని తెలిసినవాళ్ళు అందరూ పలకరింపుకు ఇక్కడికే వచ్చేశారు. మా పాటగాడి సొంత అన్న పోయినప్పుడు ఇందులో సగం మంది లేరు. ఎవరో పెద్ద గులాబీ మాల తెచ్చారు. ఇంట్లో పెద్దాయన ఫోటో లేదు. మాల ఎక్కడ వెయ్యాలో తెలియక, అటూ ఇటూ చూసి, కుర్చీలో కూర్చున్న మా పాటగాడి మెడలో వేసేశారు.

వంటింట్లోంచి కాఫీ గ్లాసుల పళ్ళెంతో వస్తున్న మా వదినె, అంటే మా పాటగాడి భార్య, అది చూసి తమిళం మరిచిపోయి తెలుగులోనే అరిచింది.

"ఏమయ్యా, ఉసురుతో ఉండే మనిసికి మాల వేస్తిరే! కండ్లు ఉండాయా లేదా మీకు?"

మాల తెచ్చినవాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. దుఃఖంలో ఉంది పాపం అనుకుని ఆవిడకు కూడా నమస్కారం పెట్టాడు.

మా పాటగాడు మాత్రం ఏడుస్తున్నాడు. వచ్చినవాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకుని, ఫోను దించగానే పక్కవాడితో ఊరి సంగతులు మాట్లాడుతున్నారు. ఈయన ఒక్కడే కండువా నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా ఏడుస్తున్నాడు. ఏ సంబంధమూ లేని మనిషి కోసం అంత నిజంగా ఏడ్చినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

నన్ను చూసి, "ఇంక నేనేమి పాడేదమ్మా?" అన్నాడు. "ఆయన ఉంటిరి కాబట్టి నేను ఆయన మాదిరి ఉంటిని. ఇప్పుడు నేను ఎవరి మాదిరి?"

పక్కనే ఉన్న మా లీడరు ఆయన వీపు తట్టి, "ఇంక అసలు నువ్వే కదప్పా," అన్నాడు. ఓదార్పుగానే అన్నాడనుకుంటాను. అప్పటికే లీడరు జేబులో ఫోను ఆగకుండా మోగుతోంది.

మోగినవాటిలో పెద్దది విరుదునగర్ నుంచి. అక్కడ పాత పాటల అభిమానుల సంఘం ఒకటుంది. దాని అధ్యక్షుడు పప్పుల వ్యాపారి. కల్యాణ మండపంలో పెద్ద సంతాప కచేరి పెడుతున్నాం, మీ ఆర్కెస్ట్రా రావాలి అన్నాడు. తిరుత్తంగల్‌లో అచ్చు వేయించిన పోస్టర్లు విరుదునగర్, కోవిల్పట్టి రెండు ఊళ్ళ గోడల మీదా పడ్డాయి. నడిమధ్య అధ్యక్షుడు చేతులు జోడించి నిండుగా నిలబడి ఉన్నాడు. చుట్టూ కమిటీ. కింద కుడిమూల, చిన్న గుండ్రంలో, పోయిన పెద్దాయన. తెలియనివాళ్ళు చూస్తే పోయింది అధ్యక్షుడే అనుకోవాలి. మా పాటగాడి ఫోటో పెద్దాయన ఫోటో కంటే కాస్త పెద్దదే వేశారు. దాని కింద పెద్దక్షరాలు: "పెద్దాయన గుండెకు హత్తుకున్న గొంతు."

కచేరి రోజు సాయంత్రం వ్యానులో విరుదునగర్ బయల్దేరాం. దారిలో మా లీడరు ఆనందంగా ఒక వార్త చెప్పాడు. చెన్నై నుంచి ముఖ్య అతిథి వస్తున్నాడట. పెద్దాయన పక్కన ఏళ్ళ తరబడి వేణువు వాయించిన మనిషి. ఆయన కుడిభుజం.

మా పాటగాడు సాత్తూరులో టీకి ఆపితే దిగి వెళ్ళి తిరిగి రాలేదు. టీ తాగడం అయింది, డ్రైవరు హారన్ కొట్టడం అయింది. నేను వెతుక్కుంటూ వెళ్ళాను. రోడ్డు పక్కన దోసకాయలు అమ్మే ఆమె గంపల వెనక, స్టేజీ బట్టల్లోనే, నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"అన్నా, లెయ్యి. వ్యాను కాచుకొని ఉండాది."

"నేను రాలేదమ్మా. మీరు పోండి."

"నువ్వు రాకుంటే ఎట్ల? పోస్టర్లో ఉండేది నీ మొగమే కదా."

"అదే కదా బయం. ఆ పిల్లంగోవి ఆయన దినమూ పెద్దాయన పక్కన కూసున్న మనిసి. ఈ మొగము ఎవరిది అని అందరి ముందర అడిగితే నేనేమి చెప్పేది?"

"ఆయనకు మాత్రం అన్నీ గ్యాపకం ఉంటుందా? వయసు ఆయ కదా."

"నాకు గ్యాపకం ఉండాదే," అన్నాడు మా పాటగాడు.

అప్పటిదాకా ఇద్దరం ఆ విషయం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నేను చూశానని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. దోసకాయల ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అరవంలో, "జగడం అయితే ఇంటికి పోయి చేసుకోండి, బేరం పోతోంది," అంది. ఆమె దగ్గర నాలుగు దోసకాయలు కొని, వాటిని ఆయన చేతిలో పెట్టి, లేపి తీసుకొచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే, అక్కడే వదిలేసి ఉంటే ఎలా ఉండేదా అనిపిస్తుంది. బహుశా ఇంకొక పోస్టరు పడేది, "దుఃఖం తట్టుకోలేక కనుమరుగైన గొంతు" అని.

మండపం నిండిపోయింది. సంతాప సభ ఎలా జరగాలో అలాగే మొదలైంది. అంటే అధ్యక్షుడు తన గురించి చెప్పుకున్నాడు. తను తొలిసారి పప్పుల మిల్లు పెట్టిన రోజు రేడియోలో పెద్దాయన పాటే వస్తోందట. ఆ తర్వాత మిల్లు ఎలా పెరిగిందో వివరంగా చెప్పాడు, పాట ఏదో చెప్పలేదు. తర్వాత వక్త ఒక పాటలోని రెండు లైన్లు పాడి కళ్ళు ఒత్తుకున్నాడు. అది పెద్దాయన పాడిన పాట కాదు. ఇంకో గాయకుడిది, ఆయన ఇంకా బతికే ఉన్నాడు. హాలంతా కూడా కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడు ముఖ్య అతిథి మైకు దగ్గరికి వచ్చాడు. పండిన జుట్టు, పట్టు అంగవస్త్రం, నిదానమైన మాట. అధ్యక్షుడు మా పాటగాడి వైపు చెయ్యి చూపి అడిగాడు, "అయ్యా, మా కోవిల్పట్టి గొంతు మీకు గుర్తుండాలే?"

స్టేజీ మీద నా కుర్చీ మా పాటగాడి కుర్చీ పక్కనే. ఆయన కండువా కొస వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

ముఖ్య అతిథి కళ్ళద్దాలు సర్దుకుని ఒక్క క్షణం చూశాడు. తర్వాత ముఖమంతా వెలిగిపోయింది.

"గుర్తు లేకపోవడమేమిటి? ఆ రోజు ఈ తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది నేనే కదా!"

హాలు చప్పట్లతో మోగింది. నేను ఊపిరి వదిలాను. అబద్ధానికి అబద్ధం వచ్చి అండగా నిలబడింది, ఇంక భయం లేదు అనుకున్నాను. ఆ వేణువు ఆయన కూడా పెద్దాయనకు ఎంత దగ్గరో నాకు అర్థమైంది. వందమంది వాద్యగాళ్ళ వెనక వరసలో ఎక్కడో కూర్చుని, ఊరూరా కుడిభుజంగా తిరుగుతున్న మనిషి. మా పాటగాడికి పెద్దన్న లాంటివాడు.

కానీ అతిథి ఆగలేదు. చప్పట్లు పడ్డాక ఆగడం ఎవరికి చేతనవుతుంది? "పెద్దాయన ఈ తమ్ముణ్ణి కౌగిలించుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. నా వైపు తిరిగి, ఈ బిడ్డకు నా శాలువా తెచ్చి కప్పవయ్యా అన్నారు. ఈ చేతులతోనే కప్పాను. తమ్ముడూ, ఆ శాలువా భద్రంగా ఉందా?"

హాలులో తలలన్నీ మా పాటగాడి వైపు తిరిగాయి. ఆయన కండువా కొస వదిలేశాడు. లేచాడు. పాడటానికి లేచాడనుకుని మా లీడరు కీబోర్డు మీద శ్రుతి వేశాడు. మా పాటగాడు చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. అతిథి చేతిలోంచి మైకు తీసుకున్నాడు. అక్కడ మాట్లాడింది తమిళంలోనే. నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

"అయ్యా, మీరు ఆ రోజు అక్కడ లేరు," అన్నాడు. "నన్ను ఎవరూ లోపలికి తీసుకుపోలేదు. నేను గేటు బయటే ఉన్నాను. ఆయన నన్ను డ్రైవరు అనుకున్నారు. ఫ్లాస్కు ఇచ్చి ముందు సీట్లో పెట్టమన్నారు. పెట్టాను. శాలువా లేదు. కౌగిలింత కూడా లేదు. అదంతా నేను కట్టిన కథ."

మైకు రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇంకొకటి ఉంది. ఇది నా భార్యకు కూడా చెప్పలేదు. ఫ్లాస్కు సీట్లో పెట్టేముందు మూత తిప్పి ఒక గుక్క తాగాను. మూతలో పోసుకోలేదు, నోరు పెట్టే తాగాను. ఎంగిలి చేశాను. ఆ నీళ్ళలో ఏదో ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు, ఉత్త వేడినీళ్ళు. దారిలో ఆయన ఆ నీళ్ళే తాగి ఉంటారు. ఎన్నో ఏళ్ళుగా ఆయన ముందు నిలబడి ఇది చెప్పుకోవాలనుకున్నాను. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేరు."

నేను గేటు దగ్గర నిలబడి అంతా చూశాననుకున్న మనిషిని. ఆ గుక్క నేను చూడలేదు. తల ఎత్తి ఆయన ముఖం చూడలేక నా కాలి వేళ్ళు చూస్తూ కూర్చున్నాను. అయిపోయింది, రేపటినుంచి మమ్మల్ని ఎవరూ పిలవరు అనుకున్నాను. అయితే కానీ అని కూడా అనిపించింది.

నేను మన జనాన్ని తక్కువ అంచనా వేశాను.

మొదట లేచింది అధ్యక్షుడే. రెండు చేతులూ పైకెత్తి, మైకు అక్కర్లేని గొంతుతో, "ఒకే ఫ్లాస్కు! రెండు గొంతులు!" అని కేక పెట్టాడు. హాలంతా లేచి నిలబడింది. ఈలలు. ముందు వరసలో ఒక పెద్దావిడ చెంపలు వేసుకుంది. ఆయన నీళ్ళు ఈయన తాగాడు, ఈయన నీళ్ళు ఆయన తాగారు, ఇంతకంటే ఏం కావాలి అని పక్కావిడతో అంటోంది. డ్రైవరు అనుకున్నారన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. కథ కట్టానన్న మాట అసలే ఎక్కలేదు.

ముఖ్య అతిథి ముఖంలో కూడా ఏ మార్పూ లేదు. ఇంకో మైకు అందుకుని, "చూశారా వినయం!" అన్నాడు. "నేను కప్పిన శాలువాను కూడా దాచుకుంటున్నాడు. ఇది పెద్దాయన దగ్గర నేర్చుకున్న గుణం." మళ్ళీ చప్పట్లు.

మా పాటగాడు "లేదు, లేదు" అంటూనే ఉన్నాడు. ఆ "లేదు" కూడా పెద్దాయన గొంతులా ఉండటం ఆయన దురదృష్టం. మా లీడరు ఆలస్యం చేయకుండా పాట మొదలుపెట్టాడు. మనిషి ఎంత నలిగినా, శ్రుతి వినపడితే పాడటం వచ్చేసే జాతి మాది. పాడాడు. బాగా పాడాడు. పాట మధ్యలో ఎవరో స్టేజీ ఎక్కి ఆయనకు శాలువా కప్పారు.

కార్యక్రమం అయ్యాక మాకు నూనె పరోటాలు పెట్టారు. అధ్యక్షుడు వచ్చి, ఆ ఫ్లాస్కు ఏ రంగు, ఏ కంపెనీ అని అడిగాడు. అలాంటిది ఒకటి దొరికితే సంఘం ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టాలట. మా పాటగాడు పరోటా ముట్టుకోలేదు.

వ్యానులో తిరిగి వస్తుంటే అడిగాను. "ఏమిటికన్నా చెప్పితివి? ఆ మనిసే కాపాడినాడే నిన్ను."

స్టేజీ మీద కప్పిన శాలువా ఒళ్ళో మడిచి పెట్టుకున్నాడు.

"అది నా అబద్దమమ్మా. ఇన్నేండ్లు నేను పెంచినాను. ఆయన ఎవరో వచ్చి దానికి శాలువా కప్పేదేమి? ఓర్చుకోలేక పోతిని."

మళ్ళీ తనే, "చెప్పితే బారం దిగుతుందని అనుకొంటిని. చూడు, ఇంకొంచెం ఎక్కించి పంపినారు," అన్నాడు. ఒళ్ళోని శాలువా చూసి మేమిద్దరం నవ్వాం. ముందు సీట్లో మా లీడరు ఏమిటేమిటని అడిగాడు. చెప్పలేదు.

ఆ తర్వాత జరిగినవి మీరు నమ్మకపోయినా నాకు నష్టం లేదు. వారం తిరక్కముందే ఆయన ఇంటి ముందుకు తల్లులు పిల్లల్ని తీసుకొచ్చారు, చేతుల్లో ఫ్లాస్కులతో. పాటల పోటీకి పోతున్న పిల్ల, ఒక గుక్క ఎంగిలి చేసి ఇవ్వండి అని. మీలో కొందరు ఆ నీళ్ళు తాగి వచ్చినవాళ్ళు ఉన్నా నేను ఆశ్చర్యపోను. మా వదినె గుమ్మంలో నిలబడి, "ఉడుకునీళ్ళు మీ ఇంట్లో కాగవా? పోండి, పోండి," అని తరిమేది. తరిమిన కొద్దీ మహిమ పెరిగింది. ఒకావిడ మా వదినె చేతి నీళ్ళయినా చాలు అంది.

మా పాటగాడు కచేరీలు మానేశాడు. గొంతు పోయింది అని చెప్పించాడు. ఆయన లేకుండా మా లీడరు కొన్నాళ్ళు కొత్త కుర్రవాళ్ళతో నడిపి, తర్వాత కీబోర్డుకు గుడ్డ కప్పేశాడు. నేనూ ఇంట్లో కూర్చున్నాను. మా ఆర్కెస్ట్రా అలా ముగిసింది. దానికి సంతాప సభ ఎవరూ పెట్టలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక పాటల రచయిత పోయాడు. అరవైల్లో పెద్దాయన పాడిన పాటల్లో మేం ఎక్కువగా పాడినవి ఆయన రాసినవే. పత్రికలో లోపలి పేజీలో, ఒక పళ్ళపొడి ప్రకటన కింద, నాలుగు లైన్లు వేశారు. ఫోటో లేదు. మా లీడరుకు పాత అలవాటు చావక విరుదునగర్ అధ్యక్షుడికి ఫోను చేశాడు, సభ ఏమైనా పెడతారా అని.

"రాసినవాడా?" అన్నాడట అధ్యక్షుడు. "పాడింది ఎవరు?"

"పెద్దాయనే."

"ఆయనకు మనం చేసేశాం కదా!"

లీడరు ఇది నాకు చెప్పి, "ఏమి చేసేది?" అన్నాడు. ఏమీ చేసేది లేదు. అయినా ఆ సాయంత్రం ఆయన హార్మోనియం తెచ్చాడు, నేను కాస్త వేరుశనగ మిఠాయి కొన్నాను, ఇద్దరం మా పాటగాడి ఇంటికి వెళ్ళాం. మేడ మీద చాప వేసుకున్నాం. పోస్టరు లేదు, మైకు లేదు, పోయినాయన ఫోటో కూడా లేదు. ఆయన ముఖం ఎలా ఉంటుందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదని అప్పుడే తెలిసింది.

"పెండ్లి పాట పాడుదాం," అన్నాడు మా పాటగాడు. అంటే మేం ప్రతి రిసెప్షన్‌లోనూ, పెళ్ళికొడుకు పెళ్ళికూతురు కుర్చీల్లో కూర్చోగానే, మొదట పాడిన యుగళగీతం. హుషారైన తాళం, డప్పులు, తూర్యాలు. వినగానే జనం చిటికెలు వేసేవారు.

ఆ రోజు తాళం వేసేవాడు లేడు. హార్మోనియం నిదానంగా పోయింది. పల్లవి అలవాటు కొద్దీ పెద్దాయన గొంతులోనే వచ్చింది. మొదటి చరణంలో ఊపిరి చాలలేదు. మా పాటగాడు ఆగి, దగ్గి, మళ్ళీ అందుకున్నాడు. ఈసారి వచ్చింది ఇంకో గొంతు. కాస్త సన్నం, కాస్త ముక్కుతో. ఆయన ఇంట్లో కాఫీ అడిగే గొంతు. అంత గొప్పగా ఏమీ లేదు, అబద్ధమెందుకు? పైస్థాయిలో శ్రుతి తప్పింది. మీ పోటీలో అయితే మొదటి రౌండులోనే కన్నీళ్ళతో ఇంటికి పంపేవారు. కానీ పోల్చి చూడటానికి ఏమీ లేకపోయేసరికి నా చెవికి వేరే పని లేక మాటలు వినడం మొదలుపెట్టింది.

నా వంతు రాగానే పాడాల్సిన లైను పాడకుండా ఉండిపోయాను. హార్మోనియం కూడా ఆగింది.

"ఏమాయ?" అన్నాడు లీడరు.

"ఇది పెండ్లి పాట కాదు," అన్నాను. "ఆ పిల్లోడు పెండ్లికి రాలేనని చెప్తా ఉండాడు. నన్ను మరిచిపో, వేరేవాణ్ణి చేసుకో అని. ఆ పిల్ల సరి అంటా ఉండాది."

ముగ్గురం మనసులో చరణాలు ఒకసారి తిప్పుకుని చూసుకున్నాం. అవును. అంతా అదే. దాచిందేమీ లేదు, మామూలు మాటల్లో, పల్లవి నుంచి చివరిదాకా అదే చెప్పాడు రాసినాయన. దాన్ని డప్పులతో ఎన్ని జంటలకు వినిపించి ఆశీర్వదించామో! చిటికెలు వేసినవాళ్ళలో ఒక్కరికీ పట్టలేదు. పాడిన మాకూ పట్టలేదు.

మెట్ల మీద కాఫీతో వచ్చి నిలబడిన మా వదినె అంతా వింది. గ్లాసులు మా ముందు పెట్టి, చాప అంచున కూర్చుంది.

"మా పెండ్లికి మైకుసెట్టువాడు ఇదే కదా వేసె," అంది. "తాళి కట్టేప్పుడు."

మా పాటగాడు ఆమె వైపు చూడలేదు. మా లీడరు నవ్వు ఆపుకోవడానికి మిఠాయి నోట్లో పెట్టుకున్నాడు.

"ఇన్నేండ్లు కాపురం చేసినంక ఇప్పుడు చెప్తా ఉండారు," అంది మా వదినె. కాళ్ళు చాపుకుని, గోడకు ఆనుకుంది. "సరి, పోనీ. మొదటినుంచి పాడు. ఇప్పుడన్నా సరిగా విందాము."